నువ్వు పాడిన భైరవిలో ధైవతాలెన్ని?

(నెల్లూరు పురమందిరంలో ఒక ఆదివారం ఉదయం, సంగీతంలో పీజీకి దరఖాస్తు చేయాలనుకునే పిల్లల కోసం, వాళ్ల తల్లిదండ్రుల కోసం ఒక విశ్రాంత సంగీత అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు అడిగితే రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తీసేశాం, అంతే.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. సినిమా పాటల ప్రోగ్రాం అంటే ముందు వరుస కోసం గంట ముందే వచ్చి కర్చీఫు వేస్తాం. ఉపన్యాసం అనేసరికి అందరం తలుపు పక్కనే కూర్చుంటాం, ఎప్పుడు లేచిపోదామా అని. ఫర్వాలేదు, మధ్యలో లేచి వెళ్లినా నేనేమీ అనుకోను. వెళ్లేవాళ్లు ఆ ఫ్యాను కింద మాత్రం ఖాళీ చేసి వెళ్లండి.

నేను మొదట సీటు రాని కథ చెప్తాను. సీటు వచ్చిన కథలు మీకు అందరూ చెప్తారు.

మాది కావలి దగ్గర పల్లెటూరు. మా గురువుగారు మా ఊళ్లోనే ఉండేవారు. ఆవిడ దగ్గర పదకొండేళ్లు నేర్చుకున్నాను. డిగ్రీ అయింది. ఎమ్మే మ్యూజిక్‌కి అప్లై చేశాను. ఇంటర్వ్యూకి పిలిచారు. నాన్న, నేను కావలిలో రైలెక్కాం. అమ్మ పులిహోర కట్టిచ్చింది. గొంతుకి పట్టేస్తుందని నేను ముద్ద ముట్టలేదు, మొత్తం నాన్నే తిన్నారు. గదిలోకి వెళ్తే ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు. భైరవి రాగంలో అట తాళ వర్ణం పాడాను. రెండు కాలాలూ, అంటే నెమ్మదిగా ఒకసారి, రెట్టింపు వేగంతో ఒకసారి పాడాను. తాళం ఎక్కడా తప్పలేదు. ఇవాళ్టికీ చెప్తాను, బాగా పాడాను.

పాడటం అయ్యాక మధ్యలో కూర్చున్నాయన అడిగారు. "అమ్మాయీ, నువ్వు పాడిన భైరవిలో ధైవతాలెన్ని?"

ధైవతం అంటే సరిగమపదనిలో "ద". "ఒకటే సార్" అన్నాను.

ఆయన నవ్వారు. "మరి నువ్వు రెండు పాడావే?" అన్నారు.

ఇక నాకు నోట మాట లేదు. ఏం చెప్పానో తెలుసా? "మా గురువుగారు ఇట్టానే చెప్పారు సార్" అన్నాను. ఆయన ఏమీ కోప్పడలేదు. "మీ గురువుగారు సరిగ్గానే చెప్పారమ్మా, నువ్వు సరిగ్గానే పాడావు. నువ్వేం పాడావో నీకు తెలియాలి కదా" అన్నారు. ఆ ఏడు సీటు రాలేదు. తప్పు వాళ్లది కాదు. సీటు పోయిందని ఇంటికొచ్చి ఏడ్చాను, అది వేరే సంగతి.

ఇప్పుడు మీరు చెప్పండి. భైరవిలో ధైవతాలెన్ని? ఆ, రెండు. ఎవరా చెప్పింది? బాగుంది. పైకి వెళ్లేటప్పుడు చతుశ్రుతి ధైవతం, అంటే కాస్త ఎత్తైన ద; దిగేటప్పుడు శుద్ధ ధైవతం, అంటే దానికంటే తగ్గిన ద. భైరవి ఏ మేళంలో, అంటే ఏ తల్లి రాగంలో పుట్టింది? ఇరవయ్యో మేళం, నఠభైరవి. ఆ మేళంలో ఉన్నది శుద్ధ ధైవతం ఒక్కటే. మరి రెండోది ఎక్కడి నుంచి వచ్చింది? బయటి నుంచి వచ్చింది. అది అన్యస్వరం. అందుకే భైరవిని భాషాంగ రాగం అంటాం. ఈ నాలుగు మాటలు ఆ రోజు నాకు వచ్చి ఉంటే సీటు వచ్చేది. ఈ నాలుగు మాటలే. పదకొండేళ్లు నేర్చుకున్నాను, ఈ నాలుగు మాటలు నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

మనవైపు పాఠం నోటి నుంచి నోటికి వస్తుంది. గురువు పాడతారు, మనం పాడతాం. తప్పితే మళ్లీ పాడతారు. నేను దాన్ని తక్కువ చేయడం లేదు, గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు, ఇంకో దారిలో రాదు. కానీ విశ్వవిద్యాలయం గదిలో ఇంకో పని అడుగుతారు. పాడినదాన్ని చెప్పమంటారు. చెప్పినదాన్ని రాయమంటారు. మన పిల్లలు అక్కడ ఆగిపోతున్నారు. గొంతు దగ్గర కాదు, అక్కడ. ముప్పై ఏళ్లు బల్లకి అటువైపు కూర్చుని చూశాను కాబట్టి చెప్తున్నాను.

సరే, అసలు అప్లై చేయడానికి అర్హత ఉందా అన్నది ముందు చూసుకోవాలి కదా. ఇక్కడ డిప్లొమా చేసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. సర్టిఫికెట్ నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు, మొత్తం ఆరేళ్లు. ఆరేళ్లు చదివాం కాబట్టి నేరుగా ఎమ్మేకి వెళ్లిపోవచ్చని మీలో చాలామంది అనుకుంటున్నారు. వెళ్లలేరు. పీజీ అంటే ముందు డిగ్రీ ఉండాలి. పది, ఇంటర్, మూడేళ్ల డిగ్రీ. బీఏ మ్యూజిక్ చేసి ఉంటే సరే. లేకపోతే చాలా చోట్ల ఏదో ఒక డిగ్రీ, దాంతోపాటు సంగీతంలో డిప్లొమానో సర్టిఫికెట్టో అడుగుతారు. అంటే బీకాం చేసిన అమ్మాయి డిప్లొమా ఉంటే రావచ్చు. డిప్లొమా మాత్రమే ఉన్న అబ్బాయి రాలేడు.

నా దగ్గర నేర్చుకున్న పిల్లాడే ఒకడు ఇంటర్ తర్వాత డిగ్రీ మానేశాడు. మృదంగమే నా లోకం అన్నాడు. మృదంగం అద్భుతంగా వాయిస్తాడు. ఇరవై ఆరేళ్లకి పీజీ చేద్దామనుకున్నాడు. ఏ తలుపూ తెరుచుకోలేదు. ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరంలో, వాడి చెల్లెలి వయసు పిల్లల పక్కన కూర్చుంటున్నాడు. ఇక్కడే ఉన్నాడు, సిగ్గుపడుతున్నాడు. సిగ్గెందుకు నాయనా, ఇరవై ఆరుకి మొదలుపెట్టడం మంచిదే. ముందే తెలిసుంటే ఇంకా మంచిది, అంతే.

డిగ్రీ, డిప్లొమా రెండూ ఒకేసారి చేయకూడదని ఎవరో చెప్పారని ఒక అమ్మ నాకు ఫోన్ చేసింది. అది పాత మాట. 2022లో విశ్వవిద్యాలయాలని చూసే యూజీసీ రెండు కోర్సులు ఒకేసారి చదవడానికి ఒప్పుకుంది. రెండూ కాలేజీకి వెళ్లి చదివేవైతే క్లాసు వేళలు ఒకదానిమీద ఒకటి పడకూడదు. లేదంటే ఒకటి దూరవిద్యలో చేసుకోవచ్చు. మీ కాలేజీ ఏమంటుందో అడిగి, వాళ్ల జవాబు కాగితం మీద తీసుకోండి.

ఇక ఎక్కడికి వెళ్లాలి? మన ఊళ్లో ఉండి సంగీతం పీజీ చేద్దామంటే కుదరదు. రైలెక్కాల్సిందే. దగ్గర్లో తిరుపతి ఉంది. ఆడపిల్లలకి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1983లో పెట్టారు. గూడూరు దగ్గర రైలు పక్కకి తిరిగితే వెంకటగిరి, కాళహస్తి దాటి రేణిగుంట, ఆ పైన తిరుపతి. పైకి వెళ్తే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం. కిందికి వెళ్తే మద్రాసు విశ్వవిద్యాలయంలో భారతీయ సంగీత విభాగం ఉంది. నెల్లూరు వాళ్లకి మద్రాసు పరాయి ఊరేమీ కాదు కదా, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం. ఇంకా దూరం వెళ్లగలిగితే ఢిల్లీ విశ్వవిద్యాలయంలో హిందుస్తానీతోపాటు కర్ణాటక సంగీతం కూడా ఎమ్మేలో ఉంది. చలికి గొంతు పట్టేస్తుంది, స్వెట్టర్లు కొనుక్కోండి.

హైదరాబాద్ తెలుగు విశ్వవిద్యాలయం గురించి అడుగుతారని తెలుసు. 1985లో పెట్టిన సంస్థ, మన పిల్లలు ఎందరో అక్కడ చదివారు. కానీ రాష్ట్రం విడిపోయాక ఇచ్చిన ఉమ్మడి ప్రవేశాల పదేళ్ల గడువు 2024 జూన్‌తో అయిపోయింది. మీ అక్కకి అక్కడ సీటు వచ్చిన లెక్క మీకు పనికిరాదు. ఈ ఏడు నోటిఫికేషన్‌లో ఏముందో చదివి వెళ్లండి.

లోకల్ అనే మాట దగ్గర కాసేపు ఆగుతాను. ఇది మన రెండు జిల్లాలకే ప్రత్యేకమైన తలనొప్పి. ఒంగోలుకి, నెల్లూరుకి మధ్య ఎంత దూరం? రెండు గంటలు. కానీ సీట్ల లెక్కలో ఒంగోలు ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రాంతం, నెల్లూరు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాంతం. ఈ గీత ఇవాళ్టిది కాదు. రాజ్యాంగంలోని 371-డి కింద ఎప్పుడో గీశారు. ఎనభై అయిదు శాతం లోకల్ వాళ్లకి, మిగిలిన పదిహేను అందరికీ. నెల్లూరు పిల్ల విశాఖ వెళ్తే నాన్‌లోకల్. ఒంగోలు పిల్లకి విశాఖ లోకల్. ఆ పైన 2022లో జిల్లాలు మార్చారు. కందుకూరు నెల్లూరులోకి వచ్చింది, గూడూరు తిరుపతి జిల్లాలోకి పోయింది. అందువల్ల మీరెక్కడి వాళ్లని నోటితో చెప్తే నడవదు. ఆరో తరగతి నుంచి డిగ్రీ వరకు స్టడీ సర్టిఫికెట్లన్నీ తెచ్చి ఒక ఫైల్లో పెట్టండి. మూతపడిన ప్రైవేటు స్కూల్లో చదివినవాళ్లుంటే, ఆ రికార్డులు ఎక్కడున్నాయో ఇప్పుడే వెతకడం మొదలుపెట్టండి. కౌన్సెలింగ్ ముందురోజు కాదు.

ఈ ఫైలు గురించి ఇంకో మాట. పదో తరగతి మెమోలో పేరెలా ఉందో ఆధార్‌లో అలాగే ఉందా? మన ఇళ్లల్లో ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క పొడి అక్షరం. డిప్లొమా సర్టిఫికెట్‌లో లక్ష్మి, డిగ్రీలో లక్ష్మీదేవి. ఇద్దరు వేర్వేరు మనుషులు! పాటలో అపస్వరం పడితే క్షమిస్తారేమో, పేరులో అక్షరం తేడా వస్తే క్షమించరు. వేరే విశ్వవిద్యాలయానికి వెళ్లేవాళ్లకి మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి, అది డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయం దగ్గర తీసుకోవాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు సచివాలయంలో. ఇవన్నీ మీకు తెలిసినవే, పొడిగించను.

కానీ నెట్ సెంటర్ సంగతి పొడిగిస్తాను. మన పిల్లలు ట్రంకు రోడ్డు మీద ఏదో నెట్ సెంటర్‌కి వెళ్లి, "అన్నా, ఇది అప్లై చేసి పెట్టన్నా" అని కుర్చీలో కూర్చుంటారు. ఆ అన్న మంచివాడే. ఓటీపీ త్వరగా రావాలని తన ఫోన్ నంబరే కొట్టేస్తాడు, తన మెయిలే ఇచ్చేస్తాడు. ఫీజు కట్టేశావు, రశీదు తీసుకున్నావు, ఇంటికొచ్చావు. నెల తర్వాత హాల్ టికెట్ వచ్చిందన్న కబురు ఎవరికి వెళ్తుంది? అన్నకి వెళ్తుంది! ఆయనకి రోజుకి వంద మంది. నా శిష్యురాలికి పరీక్ష అయిపోయిన మూడో రోజు తెలిసింది. కాబట్టి నంబరు మీది, మెయిలు మీది, పాస్‌వర్డ్ మీ నోట్‌బుక్‌లో. నాన్న నంబరు కూడా వద్దు, నాన్న పొలం వెళ్తే ఫోను ఇంట్లో ఉంటుంది.

పరీక్షలు రెండు రకాలు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీజీ ప్రవేశాలకి ఏపీ పీజీసెట్ ఉంది. కేంద్ర విశ్వవిద్యాలయాలకి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష, కేంద్ర పరీక్షల సంస్థ ఎన్‌టీఏ పెడుతుంది, 2022 నుంచి నడుస్తోంది. అందులో డెబ్భై అయిదు ప్రశ్నలు, ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. మన పిల్లలు ఎక్కడ దెబ్బ తింటున్నారంటే, సీయూఈటీ రాశాం, స్కోరు వచ్చింది, ఇక వాళ్లే పిలుస్తారని కూర్చుంటున్నారు. ఎవరూ పిలవరు. పరీక్ష రాస్తే సగం పని అయినట్టు. ఏ విశ్వవిద్యాలయంలో చేరాలో ఆ పోర్టల్‌లో మళ్లీ విడిగా నమోదు చేసుకోవాలి. నాలుగు విశ్వవిద్యాలయాలు అనుకుంటే నాలుగు చోట్ల, నాలుగు ఫీజులు. పీజీసెట్‌లోనూ అంతే, ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టకపోతే ర్యాంకు కార్డు ఫ్రేమ్ కట్టించుకోవడానికే పనికొస్తుంది.

పెళ్లయి, పిల్లలున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. మాకు వయసు అడ్డం అవుతుందా అని ఇందాక ఒకావిడ మెల్లగా చెవిలో అడిగింది. అమ్మా, సీయూఈటీ పీజీకి వయోపరిమితి లేదు. మీ ఇంట్లో ఉందేమో, అది మీరు చూసుకోవాలి.

ఇక పాట దగ్గరికి వద్దాం. అసలు నేను వచ్చింది దీనికి.

ఆడిషన్‌కి పిల్లలు ఎలా తయారవుతారు? ఎన్ని కృతులు వచ్చో లెక్కపెట్టుకుంటారు. "మేడమ్, నాకు నూట ఇరవై కృతులు వచ్చు." సంతోషం. అక్కడ మీకు దొరికేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో కూడా పల్లవి సగంలో ఆపేస్తారు. ఆపేస్తే బాగా పాడలేదనుకోకండి. వాళ్లకి కావలసింది విన్నారు కాబట్టి ఆపారు. నేనూ ఆపేదాన్ని. బయటికొచ్చి ఏడ్చిన పిల్లకి సీటు వచ్చిన సందర్భాలు చాలా చూశాను.

గదిలోకి వెళ్లగానే ఏం వింటారో చెప్తాను. మొదట శ్రుతి, అంటే మీ గొంతుకి సరిపడే ఆధార స్వరం. "నీ శ్రుతి ఎంతమ్మా?" అంటే కొంతమంది మా గురువుగారి పెట్టె శ్రుతి అంటారు. హార్మోనియం మెట్ల లెక్కలో ఐదున్నరా, ఐదా, నాలుగున్నరా? మీ శ్రుతి మీకు తెలియాలి. మగపిల్లలైతే ఒకటా, ఒకటిన్నరా? గురువుగారు ఆడవాళ్లు, శిష్యుడు మగపిల్లాడు, ఇద్దరూ ఐదులో పాడి పాడి వాడి గొంతు పీలగా అయిపోయిన కేసులున్నాయి. కాబట్టి పేరు చెప్పండి, శ్రుతి చెప్పండి, తంబూరా పెట్టి రెండు నిమిషాలు షడ్జమం, అంటే "స" మీద నిలబడండి. కంగారుగా వర్ణంలోకి దూకకండి. ఆ షడ్జమం దగ్గరే సగం మార్కులు పడిపోతాయని నా నమ్మకం. వేరేవాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

తర్వాత వర్ణం రెండు కాలాలు. తిశ్రం, అంటే మూడేసి లెక్కలో పాడటం కూడా అడుగుతారు. చేతులకి తాళం అలవాటు కాకపోతే అక్కడ బండారం బయటపడుతుంది. తర్వాత ఒక కృతి, దానికి ముందు రాగం, చివర నాలుగు తాళావర్తాలు అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరం. తర్వాత వాళ్లు ఒక స్వరవాక్యం పాడతారు, మీరు దాన్ని స్వరాల్లో చెప్పాలి. ఇంట్లో దీన్ని ఎలా సాధన చేయాలి? రేడియో పెట్టండి. పాట వినండి, ఒక వాక్యం దగ్గర ఆపి స్వరం రాయండి. రోజుకి ఒక్క వాక్యం చాలు. రోజుకి ఒకటి అంటే ఏడాదికి మూడు వందల అరవై అయిదు. ఎవరైనా చేస్తారా? ఒక్కరు చేస్తే చాలు, నేను వచ్చిన పని అయినట్టే.

మాటలు చెప్పడం అన్నాను కదా, దానికి ఒక ఆట ఆడదాం. డెబ్భై రెండు మేళకర్తలు అందరికీ వచ్చు, గడగడా చెప్తారు. కటపయాది, అంటే పేరులో మొదటి రెండు అక్షరాలని అంకెలు చేసి, తిప్పి చదివి మేళం సంఖ్య తేల్చే లెక్క వచ్చా? మేచకల్యాణి చూడండి. మ అంటే అయిదు, చ అంటే ఆరు. యాభై ఆరు, తిప్పితే అరవై అయిదు. మేళం అరవై అయిదు. ధీరశంకరాభరణం? ధ తొమ్మిది, ర రెండు. తిప్పితే ఇరవై తొమ్మిది. బాగుంది. ఇప్పుడు ఇందాకటి మన భైరవి తల్లి, ఇరవయ్యో మేళం. నటభైరవి అని ట అక్షరంతో రాస్తారు సగం మంది. లెక్క కట్టండి. న సున్న, ట ఒకటి. తిప్పితే పది! పదో మేళం ఏది? నాటకప్రియ. చూశారా, ఒక అక్షరం తప్పితే రాగమే మారిపోయింది. అది నఠభైరవి. ఠ అంటే రెండు, తిప్పితే ఇరవై. సున్న చుట్టి మధ్యలో చుక్క పెట్టామా లేదా అన్నదాంట్లో పది మేళాల తేడా ఉంది. రాత పరీక్షలో మీరు ట రాశారా, ఠ రాశారా చూస్తే దిద్దేవాళ్లకి మీ సంగతి అర్థమైపోతుంది.

ఇంకొకటి చెప్తాను. మన తెలుగు పిల్లలకి ఒక అదృష్టం ఉంది, వాళ్లకే తెలియదు. కర్ణాటక సంగీతంలో సాహిత్యం ఎక్కువ భాగం ఏ భాషలో ఉంది? మన భాషలో. తమిళ పిల్లలు అర్థం ఇంకొకరిని అడిగి రాసుకుని, పదం ఎక్కడ విరగాలో నేర్చుకుని పాడతారు. మనకి అర్థం తెలుసు, అయినా పదం మధ్యలో ఊపిరి పీల్చి రెండు ముక్కలు చేస్తాం! సంగీత సంప్రదాయ ప్రదర్శిని అని సుబ్బరామ దీక్షితులవారి గ్రంథం, 1904లో ఎట్టయపురంలో అచ్చయింది. ఎట్టయపురం తమిళదేశం. పుస్తకం ఏ లిపిలో వచ్చింది? తెలుగు లిపిలో! ఇవాళ పరిశోధన చేసే వాళ్లంతా అనువాదాలు పట్టుకుని తిరుగుతారు, మనం మూలం చదువుకోవచ్చు. ఈ గదిలో ఎంతమంది తెరిచి చూశారు? ఒకరు. ఇద్దరు. సరే.

మౌఖికంలో త్యాగరాజస్వామి ఇంటిపేరు అడుగుతారు. కాకర్ల అని అందరూ చెప్తారు. కాకర్ల ఎక్కడుంది? కంభం నుంచి వచ్చిన పిల్లనే అడిగాను ఒకసారి. "తంజావూరు దగ్గర మేడమ్" అంది. తల్లీ, అది మీ అర్ధవీడు మండలంలోనే ఉంది! ఆయన పుట్టింది తిరువారూరులో, వాళ్ల పెద్దల ఊరు మన ప్రకాశం వైపు. శ్యామశాస్త్రులవారి పూర్వులు కూడా కంభం నుంచే తరలివెళ్లారని చెప్తారు. సంగీత త్రిమూర్తుల్లో ఇద్దరి మూలాలు మన గడప దగ్గర పెట్టుకుని తంజావూరు వైపు చూపిస్తున్నాం.

చెప్పడం, రాయడం ఎవరి దగ్గర నేర్చుకోవాలి? డిసెంబరులో మద్రాసు వెళ్లండి. సాయంత్రం కచేరీ టికెట్ కొనలేకపోతే మానేయండి, చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలు ఉచితమే. కానీ పొద్దున మ్యూజిక్ అకాడమీలో సోదాహరణ ప్రసంగాలుంటాయి, వాటికి వెళ్లండి. పెద్ద విద్వాంసులు ఒక రాగం తీసుకుని, ఇది ఇలా ఎందుకుంది, పాత గ్రంథంలో ఎలా ఉంది, ఇప్పుడెలా మారింది అని పాడుతూ చెప్తారు. మొదటి రోజు నాకు సగం అర్థం కాలేదు. నాలుగో రోజు నోట్సు రాసుకున్నాను. భైరవి సీటు పోయిన మరుసటి డిసెంబరు అది. ఆ పై ఏడు సీటు వచ్చింది.

విదేశాలకి వెళ్లాలనుకునేవాళ్లు ఒకరిద్దరు ఉన్నారు, వాళ్లకి రెండు ముక్కలు. అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో 1960ల నుంచి కర్ణాటక సంగీతం నేర్పుతున్నారు. అలాంటి చోట్ల మార్కుల కంటే మీ రికార్డింగు, మీరు రాసిన వ్యాసం, గురువుల ఉత్తరాలు ఎక్కువ చూస్తారు. గడువు చాలా వాటికి డిసెంబరు, జనవరిలోనే. వీడియో ఎడిటింగ్ లేకుండా ఒకే టేక్‌లో తీయండి. ఎకో పెట్టకండి. పెళ్లి వీడియో అన్నతో తీయిస్తే ఆయన పూలు రాలుస్తాడు, వద్దు.

ఆ వ్యాసం గురించి మాత్రం చెప్పాలి, ఇక్కడ పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లకీ పనికొస్తుంది. నేను చూసిన వ్యాసాల్లో ఎక్కువభాగం మొదటి వాక్యం ఒకటే. "చిన్నప్పటి నుంచి నాకు సంగీతమంటే ప్రాణం." అందరికీ ప్రాణమే. చదివేవాడు ఆ రోజు అది ఇరవయ్యోసారి చదువుతుంటాడు. మన ఒంగోలు వైపు అబ్బాయి ఒకడు ఏం రాశాడో చెప్తాను. వాళ్ల తాత పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడట. పద్యం చివర నటుడు రాగం లాగుతాడు చూడండి, జనం ఒన్స్ మోర్ కొట్టేది అక్కడే కదా, ఆ చోట హార్మోనియం మెట్ల మీద పలకని గమకాన్ని తాత ఎలా సర్దుకునేవాడు, దానివల్ల రాగం నాటకంలో ఎలా మారింది అని రాశాడు. ఒక ప్రశ్న, అంతే. రెండు పేజీలు. అందులో ప్రాణం అన్న మాటే లేదు. నేను కుర్చీలో ముందుకి వంగి చదివాను.

గురువుగారి ఉత్తరం సంగతి. మన గురువులు ఏం రాస్తారు? "ఈ అమ్మాయి చాలా మంచిది, క్రమశిక్షణ గలది." పెళ్లి సంబంధానికి పనికొస్తుంది! తప్పు గురువుది కాదు, ఏం రాయాలో ఆయనకెవరూ చెప్పలేదు. మీరు ఒక కాగితం మీద ఎన్నేళ్లు నేర్చుకున్నారు, ఏ రాగాల్లో మనోధర్మం, అంటే సొంతంగా అల్లి పాడటం వచ్చు, ఎక్కడ పాడారు అని రాసి తీసుకెళ్లండి. తాంబూలం పెట్టి, కూర్చుని అడగండి. ముఖ్యంగా అప్లై చేశాక కాదు, చేసేముందు చెప్పండి. వాట్సాప్‌లో ఫారం పంపి "సార్, సైన్ ప్లీజ్" అంటే పదేళ్ల బంధం చెడిపోతుంది. చెడిపోయింది కూడా, నేను మధ్యవర్తిగా వెళ్లాల్సి వచ్చింది.

తండ్రులు వాచీలు చూసుకుంటున్నారు. మీ ప్రశ్న నాకు తెలుసు. చదివితే ఉద్యోగం వస్తుందా? నిజం చెప్తాను. తక్కువ. లెక్చరర్ కావాలంటే పీజీలో యాభై అయిదు శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి యాభై, ఆ పైన నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష. నెట్‌లో సంగీతం సబ్జెక్టు కోడ్ పదహారు. అందులోనూ అడిగేది ఇదే, పాడటం కాదు, చెప్పడం. కేంద్రీయ విద్యాలయంలో ప్రైమరీ సంగీతం టీచరుకి అయితే సంగీతంలో డిగ్రీ చాలు, పీజీ అక్కర్లేదు. దానికోసమే అయితే రెండేళ్లు ఖర్చు పెట్టకండి. పద్దెనిమిది నుంచి పాతికేళ్ల మధ్య ఉన్న కళాకారులకి కేంద్ర సాంస్కృతిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది, నెలకి 5,000 రూపాయలు, రెండేళ్లు. హాస్టల్ మెస్సు బిల్లుకి సరిపోతుంది. దానికీ ఇంటర్వ్యూ ఉంటుంది, అక్కడా పాడించి ప్రశ్నలడుగుతారు.

నేను చెప్పేది ఇంకా ఉంది కానీ చెప్పను. మిగిలిన టైములో పని చేద్దాం. ఇది ఉత్తుత్తి ఆడిషన్. ఈ ఇద్దరు మాస్టర్లు, నేను బల్ల వెనక కూర్చుంటాం. సగంలో ఆపేస్తాం, ముందే చెప్తున్నాను. ఎవరైనా తంబూరా యాప్ పెట్టండి. ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకోండి, పెట్టుకోండి నాన్నా, మీరే. ఎవరు ముందు? నువ్వా? భయపడకు, రా. నిలబడొద్దు, కూర్చో. నీళ్లు తాగుతావా? సరే. పేరు చెప్పు, శ్రుతి ఎంతో చెప్పు.